ఎలాగూ బండి వస్తోంది కదా

బెంగళూరు హొరమావులోని మా ఇంట్లో కొబ్బరి చెట్టుకి మట్టలు కొట్టించి, ఎత్తుకెళ్ళడానికి బండి మాట్లాడుకున్నాను. బుద్ధి గడ్డి తిని ఆ సంగతి ముందు రోజే పక్కింటాయనతో చెప్పాను.

బండివాళ్ళు చెప్పినవన్నీ చేశాను. మట్టల్ని మూడడుగుల ముక్కలుగా నరికి కట్టలు కట్టాను, ఆకులు గోనె సంచుల్లో కూరి లోపలేముందో కనబడాలని మూతులు కట్టకుండా వదిలాను, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ విడిగా పెట్టాను. తోట చెత్త వేరుగా ఉంచాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి, ఇల్లు కొట్టిన రాళ్ళూ టైల్సుకైతే అదే ఏడాది ఇంకో నిబంధనలు వచ్చాయి. ఇవన్నీ చదివిన పౌరుణ్ణి మరి.

తెల్లారి గేటు తీస్తే నా కుప్పకి సంసారం ఏర్పడి ఉంది. ఒక పరుపు, దాని మీద బోర్లా పడుకున్న పాత టీవీ, చెవి విరిగిన మిక్సీ, వీటన్నిటికీ పెద్దదిక్కులా ఒక కమోడ్. దాన్నెవరో నా మట్టల కట్ట మీద మర్యాదగా కూర్చోబెట్టి, మూత కూడా వేసి వెళ్ళారు. ఎవరిదండీ అంటే వీధంతా మౌనవ్రతం. పక్కింటాయన మాత్రం బనియన్‌తో బయటికొచ్చి 'ఎలాగూ బండి వస్తోంది కదా సార్' అన్నాడు. ఎలాగూ పందిరి వేశారు కదా అని మా అమ్మాయి పెళ్ళిలో వాళ్ళబ్బాయి పెళ్ళి కూడా కానిచ్చేస్తాడా ఈయన?

డ్రైవర్ కుప్ప చూసి రేటు పెంచాడు. అదీ సరే అన్నాను.

బండితో వచ్చిన మదనపల్లె కుర్రాడు ఆకుల సంచి ఎత్తబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రక్తం. నేను మూతి కట్టని సంచిలో రాత్రి ఎవరో పగిలిన గాజు గ్లాసులు పోసి, పైన నా ఆకులే కప్పారు. చేతికి గ్లవ్స్ లేవు, నేనూ ఇవ్వలేదు. 'ఏం కాదన్నా, కొంచెం పసుపుంటే ఇవ్వండి' అన్నాడు వాడు. ఏం కాదా? ఆ ముక్కల్ని నాలుగు పొరల పేపర్లో చుట్టి పైన 'గాజు' అని రాయడానికి రెండు నిమిషాలు పట్టదు, ఆ రెండు నిమిషాలకి మీకు ఒళ్ళు బరువా? మన గేటు దాటితే చాలు, ఎవడి చేతిలో దిగితే మనకేం! బెంగళూరు చెత్తంతా ఊరవతల మండూరు అనే పల్లె మీద పోసిందీ ఈ బుద్ధితోనే, 2014లో ఆ పల్లెవాళ్ళు రోడ్డెక్కి లారీలకి అడ్డం పడేదాకా మనకి కంపు తెలియలేదు. సిగ్గులేని జన్మలు.

కమోడ్‌ని వాళ్ళు ముట్టుకోలేదు. అది నా గేటు దగ్గరే ఉంది. నిన్న పక్కింటాయన వచ్చి, మళ్ళీ బండి ఎప్పుడు సార్ అని అడిగాడు.