ముందు మాటగా చెప్పనివ్వండి

పోయిన వేసవిలో మా అమ్మ తెనాలి నుంచి సముద్రం దాటి వచ్చి నాలుగు నెలలు మా దగ్గరుంది. మా అమ్మాయికి పదకొండేళ్లు. వారానికి రెండుసార్లు ఆన్‌లైన్‌లో సంగీతం నేర్చుకుంటుంది. ఆభేరి రాగంలో త్యాగరాజ కీర్తన ‘నగుమోము’ అప్పుడే పూర్తయింది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింటున్న అమ్మ, చరణం దగ్గర చెయ్యి ఆపి, “ఏవే, గరుత్మంతుడు ఎందుకు రాలేదంటావు?” అంది.

పిల్ల తెల్లబోయింది. పాటలో గరుత్మంతుడున్నాడనే దానికి తెలియదు. దాని నోట్సు నిండా ఇంగ్లీషు అక్షరాల్లో, తాళానికి సరిపోయేలా విరిచిన ముక్కలు. ‘గగనా’ ఒకచోట, ‘నికిల’ ఇంకోచోట, ‘కుబహు’ మరోచోట.

అమ్మకు రాగాలు తెలియవు. విజయవాడ రేడియోలో పొద్దున్నే భక్తిరంజని విని పెరిగిన చెవులు, అంతే. ఆ చరణాన్ని పక్కింటావిడతో మాట్లాడినట్టు చెప్పింది. “ఖగరాజు నీ ఆనతి విని వేగ చనలేడో? గగనానికి ఇలకు బహుదూరంబనినాడో?” రాముడు రాలేదని బెంగపడుతున్న మనిషి, తప్పు ఆయనది కాదేమో, వాహనం కదల్లేదేమో అని కారణాలు వెతుక్కుంటున్నాడు. పైనుంచి కిందికి చాలా దూరం, నావల్ల కాదు అన్నాడా ఆ గరుత్మంతుడు?

పిల్ల కాసేపు ఆలోచించి, “మోకాళ్ల నొప్పులు, అంతసేపు ఫ్లైట్‌లో కూర్చోలేను అంటావు కదా, అలాగా అమ్మమ్మా?” అని అడిగింది. మళ్లీ పాడింది. స్వరం మారలేదు, గమకం మారలేదు. ‘అనినాడో’ దగ్గర మాత్రం ఈసారి గొంతులో ప్రశ్న వినబడింది.

ఇక్కడి మన తెలుగు సంఘం త్యాగరాజ ఆరాధనకు ఏర్పాట్లు మొదలయ్యే వేళ నేను అడగదలచింది ఇదే. పాడబోయే ప్రతి పిల్ల, ప్రతి పిల్లాడు, ముందు ఆ సాహిత్యాన్ని మాటగా చెప్పాలి. శ్రుతిపెట్టె ఆపేసి, మామూలు గొంతుతో, తెలుగు వాక్యంలా. ఆ తర్వాతే పాట.

ఇది ఉచ్చారణ పోటీ కాదు. త్యాగరాజు రాసినవాటిలో చాలా భాగం మాట్లాడే మాటలే. ‘రా రా మా ఇంటిదాక’ అని పిలుస్తాడు. ‘మరుగేలరా’ అని నిలదీస్తాడు. కాంభోజిలో ‘మా జానకి చెట్టబట్టగా మహరాజువైతివి’ అంటాడు. చెట్టబట్టడమంటే చెయ్యి పట్టుకోవడం, పెళ్లాడడం. మా పిల్లను చేసుకున్నావు కాబట్టే నీకింత పేరొచ్చిందయ్యా అని ఆడపెళ్లివారు అల్లుణ్ణి ఆటపట్టించడం అది. ఆ ‘మా’లో ఉన్న చనువంతా తెలుగు పెళ్లిపందిట్లోది. ఇంగ్లీషు అక్షరాల్లో ‘ట’కూ ‘త’కూ తేడా ఉండదు. ఇక్కడ పుట్టిన పిల్ల దాన్ని ‘చెత్త’ అని చదివితే తప్పు పిల్లది కాదు. ముందు కూర్చోబెట్టి చెప్పని మనది.

నేనూ చాలా ఏళ్లు, త్యాగరాజు పంచరత్న కీర్తనలు ఐదింటినీ అందరం కలిసి పాడే గోష్ఠిలో, వరాళి రాగ కీర్తనను ‘కనకన రుచిరా’ అని ఒక్క ఊపులో పాడేసి, అంతా బంగారం గురించే అనుకున్నాను. బంగారం తర్వాతి మాటలో ఉంది, ‘కనకవసన’ అన్నచోట. మొదటిది ‘కన కన రుచి’. చూస్తున్నకొద్దీ ఇంకా చూడాలనిపిస్తోందని. ఆ వెనకే ‘పాలుగారు మోమున’ అని వస్తుంది. పాలుగారే ముఖం అని మన ఇళ్లల్లో పసిపిల్లల్ని చూసి అనే మాట. ఈ రెండూ తెలిశాక ఆ కీర్తన నాకు కొత్తగా వచ్చింది. పల్లవి ఎందుకు అన్నిసార్లు తిరిగి తిరిగి వస్తుందో కూడా అప్పుడే తెలిసింది.

సంగీతానికి భాషేమిటి, నాదం చాలు కదా అనే మిత్రులున్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి నాదస్వరంలో మాటలెక్కడున్నాయి? ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫిడేలులో ఎక్కడున్నాయి? కానీ కీర్తన వాయించే విద్వాంసుణ్ణి అడిగి చూడండి. కమాను ఎక్కడ తిప్పాలో, ఊపిరి ఎక్కడ ఆపాలో చెప్పేది సాహిత్యమే. మాట మధ్యలో విరిగితే వాద్యంలోనూ విరిగినట్టే వినిపిస్తుంది. మాటలు లేని వాద్యం కూడా మాట తెలుసుకునే మోగుతుంది.

కొన్నేళ్ల కిందట అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జరిగే త్యాగరాజ ఆరాధనకు వెళ్లాను. 1978లో మొదలైన ఆ ఉత్సవం ఇప్పుడు పది రోజులకు పైగా జరుగుతోంది. ఒక సాయంత్రం కల్యాణిలో ‘నిధి చాల సుఖమా’. ‘మమత బంధనయుత నరస్తుతి సుఖమా’ దగ్గర నెరవల్ ఎత్తుకున్నారు. మమకారాల్లో చిక్కుకున్న మనుషుల్ని పొగడడం సుఖమా అని, ఆ ఒక్క పాదాన్నే పట్టుకుని అడుగుతూ పోయారు. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా, ఒకసారి తనలో తాను అడుగుతున్నట్టు. నా పక్క సీటులో ఒక తమిళావిడ ఒడిలో పుస్తకం పెట్టుకుని కూర్చుంది. సాహిత్యం తమిళ లిపిలో ఉంది. తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం కనక, ఏది ఎలా పలకాలో తెలిసేలా అక్షరాల పక్కన అంకెలున్నాయి. ప్రతి మాట కింద పెన్సిలుతో అర్థం రాసుకుంది. నా చేతిలో పుస్తకం లేదు. తెలుగుదాన్నే కదా అన్న ధీమాతో వెళ్లాను. ‘నరస్తుతి సుఖమా’ దగ్గర ఆవిడ కళ్లు తుడుచుకుంటున్నప్పుడు నేను స్వరాల పోకడ చూస్తున్నాను.

తమిళులు మన సాహిత్యాన్ని పాడుచేస్తున్నారని మనవాళ్లు అంటుంటే అందుకే నాకు బాధగా ఉంటుంది. 1767లో తిరువారూరులో పుట్టి, కావేరి ఒడ్డున తిరువయ్యారులో బతికి, 1847లో అక్కడే కన్నుమూసిన త్యాగరాజు తెలుగును, ఇంట్లో తెలుగు మాట్లాడని లక్షలమంది తమ నోట మోశారు. ఆ పాట మనవైపు రాలేదని కాదు. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావిడి వెంకటసుబ్బయ్య నుంచి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన నుంచి పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన నుంచి బాలమురళీకృష్ణ, ఇలా కావేరి ఒడ్డు పాట కృష్ణ ఒడ్డుకూ చేరింది. అన్నమయ్య విషయంలో రాగిరేకుల మీద మాట, రాగం పేరు మిగిలి, స్వరం మనదాకా రాలేదు. త్యాగయ్య విషయంలో పాట నిండుగా ఉంది. మన పిల్లల నోట పోతున్నది మాట. తెలుగిల్లు తలచుకుంటే ఒక్క పూటలో తిరిగి ఇవ్వగలిగినది అదొక్కటే, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

కార్యవర్గానికి నా మనవి ఇది. గోష్ఠికి ముందు ఇరవై నిమిషాలు ఇవ్వండి. ‘జగదానందకారక’ సంస్కృతం కాబట్టి దాని అర్థం ఎవరైనా పెద్దవారు చెప్పవచ్చు. మిగిలిన నాలుగూ పిల్లలే చదవాలి. పిల్లలు చదివేటప్పుడు పెద్దలు వరండాలో కబుర్లాపి లోపలికి రావాలి. భోజనాలు కాస్త ఆలస్యమైనా పరవాలేదు. ‘సాధించెనే’లో కృష్ణుడు సమయానికి తగు మాటలాడాడని త్యాగయ్య దెప్పుతుంటే, అది ముద్దుతో దెప్పడమని తెలిసి పదిమంది పెద్దలు నవ్వాలి. ఆ నవ్వు వినబడితే పిల్లలకు ఇంకెవరూ అర్థం చెప్పక్కర్లేదు.

మా అమ్మాయి ‘దుడుకుగల’ చదువుతానని పేరిచ్చింది. రోజూ రాత్రి పడుకునే ముందు తెనాలికి ఫోను చేస్తోంది, అక్కడ అప్పుడే తెల్లారి ఉంటుంది. నిన్న స్పీకరులో వినబడింది.

“దుడుకుగల నన్నే దొరకొడుకు...”

“నన్నే కాదే బంగారం. నన్ను. ఏ దొరకొడుకు బ్రోచురా? నా అంత దుడుకువాణ్ణి ఏ రాజుగారి కొడుకు కాపాడతాడు అని అడుగుతున్నాడు. ‘నన్ను’ దగ్గర ఆగి, మళ్లీ చెప్పు.”