ఐటీవాళ్లకు లేబర్ చట్టమే లేదట!

బెంగళూరు తెలుగు గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. మారతహళ్లి పీజీల్లో దాన్ని విననివాళ్లు లేనట్టుంది. అందులో చెప్పేది ఇదీ: కర్ణాటకలో ఐటీ కంపెనీలకు లేబర్ చట్టాలు వర్తించవు, మానేస్తే చివరి జీతం ఆపుకోవచ్చు, లేబర్ ఆఫీసుకు పోతే లాయర్లకు లక్షలు పోయాలి, ప్రభుత్వ లాయర్లంతా కంపెనీల మనుషులే. ప్రభుత్వ లాయరుగా ఈ కేసులు చూసినదాన్ని, విని ఊరుకోలేకపోయాను.

మినహాయింపు ఉన్నమాట నిజమే. 2014లో ఇచ్చారు, 2019లోనూ 2024లోనూ పొడిగించారు. కానీ అది 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం (ఉద్యోగ నియమాలను కంపెనీ రాసి పెట్టాలనే చట్టం, 2025 నవంబరు దాకా ఉండేది) ఒక్కదాని నుంచే. దానికీ షరతులు పెట్టారు: ఫిర్యాదుల కమిటీ పెట్టాలి, ఉద్యోగిని తీసేస్తే కార్మిక శాఖకు తెలపాలి. జీతం, పీఎఫ్, గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు ఆ మినహాయింపులో ఎక్కడా లేవు.

ఇక చివరి జీతం. 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అనే కొత్త జీతాల చట్టం అమల్లో ఉంది. రాజీనామా చేసినా, వాళ్లే తీసేసినా రెండు పనిదినాల్లో జీతం ఇచ్చేయాలి. "ఫుల్ అండ్ ఫైనల్ (చివరి లెక్క) 45 రోజులకు" అని హెచ్‌ఆర్ పంపే మెయిల్ వాళ్ల అలవాటే తప్ప చట్టం కాదు. టీమ్ లీడ్‌లకు, మేనేజర్లకు ఓ అనుమానం ఉంటుంది, తాము వర్కర్ల కిందికి రామేమోనని. తొలగింపు వివాదాల్లో ఆ అనుమానం సబబే. జీతం బాకీకి మాత్రం ఈ కోడ్ మేనేజర్‌నీ ఉద్యోగిగానే లెక్కేస్తుంది. పైగా డబ్బు ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సింది కంపెనీయే. గడువుకు ముందే మానేస్తే డబ్బు కడతానని రాసిచ్చే బాండు అసలు చెల్లదనేవాళ్లూ పొరబడుతున్నారు. ఒక బ్యాంకు అధికారి రాసిచ్చిన 2 లక్షల బాండును 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాగని వేతనాల కోడ్ ఒప్పుకునే కోతల జాబితాలో లేనిదేదీ జీతంలో కోయకూడదు.

లాయరు ఖర్చంటారా? లేబర్ ఆఫీసులో జరిగే రాజీ చర్చల్లోకి లాయర్లను అసలు రానివ్వరు. కోర్టుదాకా పోతే ఆడవాళ్లకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. బెంగళూరు సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగులలో (రాష్ట్ర న్యాయసేవల సంస్థ ఆఫీసు) అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ప్రభుత్వ లాయర్ల సంగతి కాస్త చిక్కు. పారిశుధ్య కార్మికులు ప్రభుత్వం మీదే హైకోర్టుకెక్కితే, ఎదుటి బల్ల దగ్గర నిలబడేది మేమే. అది దాచను. జీతం ఎగ్గొట్టిన కంపెనీ మీద పెట్టే కేసులో కూడా మేం ప్రభుత్వానికి లాయర్లం, మీకు కాదు. మొదటి తప్పుకు 50 వేల దాకా జరిమానా పడుతుంది. అయిదేళ్లలోపు మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా ఖజానాకే పోతుంది. "కేసు గెలిచాం కదా మేడమ్, నా డబ్బేదీ?" అని కారిడార్‌లో ఆపి అడిగినవాళ్లకు నేను చెప్పిందల్లా ఒకటే: బాకీ కోసం వేరే క్లెయిమ్ పిటిషన్ వేయాలి, దాన్ని అధికారి విచారించి వసూలు చేయిస్తాడు. కంపెనీకి జరిమానా పడింది కాబట్టి మన పనీ అయిపోయిందనుకుని చాలామంది అక్కడితో ఆగిపోతారు. అందుకే మేం కంపెనీల మనుషులమనే పేరు వచ్చిందేమో.

క్లెయిమ్‌కు గడువు మూడేళ్లు. పే స్లిప్పులు, రాజీనామా మెయిల్ కాపీ లాప్‌టాప్ అప్పగించకముందే మీ దగ్గర పెట్టుకోండి.