తాళంచెవి పోతే ఎవరిని అడగాలి?

గత డిసెంబరులో మన ప్రవాస తెలుగు సంఘం సేవా కార్యక్రమాల కోసం హైదరాబాదు వెళ్ళినప్పుడు, మాదాపూర్‌లో ఒక అద్దె హాలులో జరిగిన బిట్‌కాయిన్ అభిమానుల సమావేశానికి మా మామయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయనకు డెబ్బై రెండేళ్ళు. నల్లగొండ జిల్లా బడులలో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పి, ఇప్పుడు నల్లకుంటలో విశ్రాంతిగా ఉంటున్నారు. ఆ రోజు ప్రసంగం నోస్టర్ అనే వికేంద్రీకృత సామాజిక వేదిక గురించి. ప్రశ్నల సమయంలో మామయ్య లేచి నిలబడి, "బాబూ, మీరు చెప్పిన ఆ రహస్యపు తాళంచెవి పోతే ఎవరిని అడగాలి?" అని తెలుగులో అడిగారు. ముందు వరుసల్లో నవ్వులు వినిపించాయి. అడగడానికి ఎవరూ లేకపోవడమే దీని గొప్పతనమని వేదిక మీది యువకుడు ఆంగ్లంలో బదులిచ్చి, మరొకరి వైపు మైకు చూపించాడు. మామయ్య కూర్చున్నారు. తిరుగు ప్రయాణంలో మెట్రో అమీర్‌పేట దాటేదాకా ఆయన మాట్లాడలేదు. ఆ తరువాత మాత్రం, "నేనడిగిన దాంట్లో తప్పేమున్నదమ్మా?" అన్నారు.

తప్పేమీ లేదు. ఆ యువకుడి జవాబులోనూ సాంకేతికంగా తప్పు లేదు, నన్ను ఎక్కువగా బాధించింది అదే. నోస్టర్‌లో ఖాతా ఇచ్చే కార్యాలయం గానీ, మరచిపోయిన పాస్‌వర్డును మార్చి ఇచ్చే ఉద్యోగి గానీ ఉండరు. ఫియట్‌జాఫ్ అనే మారుపేరు గల వ్యక్తి 2020లో ప్రతిపాదించిన ఈ పద్ధతిలో ప్రతి మనిషికీ రెండు తాళంచెవులు ఉంటాయి. ఒకటి నలుగురికీ ఇచ్చుకునేది, రెండవది ప్రాణంలా దాచుకునేది. మనం రాసే ప్రతి మాటపై దాచుకున్న తాళంచెవితో సంతకం పడుతుంది. 2021 నవంబరులో టాప్‌రూట్ అనే మార్పుతో బిట్‌కాయిన్‌లోకి వచ్చిన ష్నార్ సంతకాల పద్ధతే ఇక్కడా పనిచేస్తుంది. సంతకం పడిన మాట ఒకేచోట కాక, రిలేలు అనే అనేక చిన్న సర్వర్లకు చేరుతుంది. ఒక రిలే మూతపడినా, మరొకటి మనల్ని కాదన్నా, మిగతా వాటిలో మన మాట ఉంటుంది. యాప్ మార్చినా మన పేరు, మనల్ని అనుసరించేవారి వరుస మనతోనే వస్తాయి. బిట్‌కాయిన్ మీద నమ్మకం ఉన్నవారు దీనిని తమ ఇల్లుగా భావించడంలో ఆశ్చర్యం లేదు. 2022 డిసెంబరులో ట్విట్టర్ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ దీని అభివృద్ధికి సుమారు పద్నాలుగు బిట్‌కాయిన్లు విరాళంగా ఇచ్చారు. అదే నెలలో ట్విట్టర్ కొద్దిసేపు తన సభ్యులు నోస్టర్, మాస్టొడాన్ వంటి వేదికలకు దారి చూపడాన్ని నిషేధించి, విమర్శలు రాగానే వెనక్కి తీసుకుంది. ఇతరుల ఇంట్లో అద్దెకున్నవారి మాటకు ఎంత భరోసా ఉంటుందో ఆ ఒక్క రోజులో చాలామందికి తెలిసివచ్చింది.

మనకు అది ఇంకా ముందే తెలిసి ఉండవలసింది. ఈ పత్రిక చదివే పాతతరం వారికి యూజ్‌నెట్‌లోని సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే చర్చావేదిక గుర్తుండే ఉంటుంది. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన లిప్యంతరీకరణ పద్ధతిలో, తెలుగును రోమన్ అక్షరాలతో కొట్టుకుంటూ పద్యాల మీద, పచ్చళ్ళ మీద, రాజకీయాల మీద మనవాళ్ళు అక్కడ వాదించుకున్నారు. యూజ్‌నెట్ కూడా ఒకరి సొత్తు కాదు, ఒక సర్వరు నుంచి మరొక సర్వరుకు సందేశాలు చేరవేసుకునే ఏర్పాటు. అంటే ప్రవాసాంధ్రుల తొలినాటి ఆన్‌లైన్ రచ్చబండ వికేంద్రీకృతమైనదే. సౌకర్యంగా ఉందని ఆ తరువాత మనం యాహూ గ్రూపులకు తరలిపోయాము. ఆ సంస్థ 2019 డిసెంబరులో పాత సందేశాలను తొలగించడం మొదలుపెట్టి, 2020 డిసెంబరు 15న గ్రూపులనే మూసివేసింది. సమయానికి భద్రపరచుకోని చర్చలు అలాగే పోయాయి. ఇక వాట్సాప్ గ్రూపుల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. సంఘం ఎన్నికల్లో ప్యానెల్ మారిన ప్రతిసారీ ఏ ఊరి గ్రూపులో ఎవరిని ఎవరు తీసివేశారో అందరికీ తెలుసు. ఆ సభ్యుల జాబితా ఎన్నడూ సభ్యులది కాదు.

కాబట్టి నేను నోస్టర్ పక్షానే ఉన్నాను. అయితే మాదాపూర్ హాలులో వినిపించిన ఆ నవ్వు వల్ల వందేళ్ళ క్రితం ఇదే నగరంలో జరిగిన మరొక సంఘటన గుర్తుకు వచ్చింది. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటరులో జరిగిన నిజాం రాష్ట్ర సంఘ సంస్కార మహాసభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారు. ఆ రాత్రే తెలుగువారు సమావేశమై ఆంధ్ర జన సంఘాన్ని స్థాపించుకున్నారు. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1901లో, ఇక్కడే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. తెలుగుకు రాజాదరణ లేని కాలంలో పుస్తకాలు సేకరించి, ఒక సమాజాన్ని కూడగట్టారు. కొత్తగా వచ్చిన మనిషిని ఎవరో ఒకరు పలకరించి, పక్కన కూర్చోబెట్టుకోబట్టే ఆ గ్రంథాలయం నిలిచిందని నా నమ్మకం. మాదాపూర్‌లో అంతా కొత్తదే, ఈ ఒక్క అలవాటు మాత్రం కనబడలేదు.

మరుసటి రోజు సాయంత్రం మామయ్య ఇంట్లో మేమిద్దరం ఆయన ఫోనులో యాప్ తెరిచాము. రహస్యపు తాళంచెవిని ఆయన నోటు పుస్తకంలో చేతితో రాసుకుంటానన్నారు. అది మొత్తం 63 అక్షరాలు. నాలుగైదు అక్షరాలకు ఒకసారి ఆగి, "ఇది సున్నానా, ఓ నా?" అని అడుగుతూ రాశారు. ఈ లిపిని తయారుచేసినవారు కూడా సరిగ్గా ఆ సందేహాన్నే ముందుగా ఊహించారని, అందుకే మొదటి ఐదు అక్షరాలు దాటిన తరువాత ఆంగ్లపు ఓ, ఐ, బి అక్షరాలను, ఒకటి అంకెను వాడలేదని, రాయడంలో పొరపాటు జరిగితే చివరి ఆరు అక్షరాలు దానిని పట్టిచ్చేలా అమర్చారని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నవ్వారు. "అంటే పద్యంలో యతి తప్పితే చెవికి తెలిసినట్టన్నమాట" అన్నారు. ఆ పోలిక నాకు ఎన్నడూ తట్టలేదు. నేను ఎన్నో సభల్లో ఈ విషయాన్ని పటాలు గీసి వివరించాను గానీ, ఒక తెలుగు మాష్టారికి ఒక్క మాటలో అర్థమయ్యేలా ఏనాడూ చెప్పలేకపోయాను. ఆ కాగితం రెండు ప్రతులు తీసి, ఒకటి బీరువాలో, ఒకటి ఊళ్ళో తమ్ముడి ఇంట్లో పెట్టాలని ఆయనే నిర్ణయించుకున్నారు. హాలులో అడిగిన ప్రశ్నకు ఆయనకు దొరికిన మొదటి జవాబు అది.

ఇప్పుడు ఆయన ప్రతి ఉదయం నోస్టర్‌లో పద్యంగా పూరించమని ఒక సమస్య ఇస్తున్నారు. పూరించేవారు మొదట ముగ్గురే. సంక్రాంతి నాటికి పదకొండు మంది అయ్యారు. వారిలో డాలస్ నుంచి ఇద్దరు, కూకట్‌పల్లి నుంచి ఒక ఇంజనీరింగు విద్యార్థిని ఉన్నారు. పూరణ నచ్చినవారు బిట్‌కాయిన్‌లో చిన్న చెల్లింపులకు వాడే లైట్నింగ్ ద్వారా ఇరవయ్యో, వందో సాట్‌లు పంపుతారు. ఒక బిట్‌కాయిన్‌లో పది కోట్ల సాట్‌లు ఉంటాయి కనుక అది చాలా చిన్న మొత్తమే. మామయ్య దానిని సంభావన అంటారు. బిట్‌కాయిన్ మీద ఏ ఆసక్తీ లేని ఇద్దరు పద్యప్రియులు ఆ సంభావన పుచ్చుకోవడానికే వాలెట్ పెట్టుకున్నారు. ధర పెరుగుదల గురించి ఎన్ని ప్రసంగాలు చేసినా వారిని మనం తీసుకురాగలిగేవాళ్ళం కాదు.

ఇబ్బందులను దాచడం నా ఉద్దేశం కాదు. రాసినదాన్ని తొలగించమని కోరవచ్చు గానీ ప్రతి రిలే చేత తొలగింపజేయలేము. మోసగాళ్ళు, అనవసర ప్రకటనలు పుష్కలంగా ఉంటాయి. ఏ రిలేకూ మన మాటలను కలకాలం దాచే బాధ్యత లేదు. ఫోను దుకాణాల ద్వారపాలకత్వం ఇంకా పోలేదు. 2023 జూన్‌లో ఆపిల్ ఒత్తిడి వల్ల డామస్ అనే నోస్టర్ యాప్ ఒక్కొక్క సందేశానికి సాట్‌లు పంపే మీటను తీసివేయవలసి వచ్చింది. భారతదేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి బిట్‌కాయిన్ వంటి ఆస్తుల లాభంపై 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై 1 నుంచి బదిలీలపై 1 శాతం మూలంలో పన్ను కోత (టీడీఎస్) అమలులో ఉన్నాయి కనుక, అక్కడి బంధువులకు ఉత్సాహంగా పంపేముందు లెక్కలు తెలిసినవారిని అడగడం మంచిది. ఇవన్నీ నిజమైన కష్టాలే. కానీ వీటిలో చాలావాటికి విరుగుడు పక్కన తెలిసిన మనిషి ఒకరు ఉండడమే. ఆ మనిషిని సమకూర్చగలిగేది సాంకేతిక పద్ధతి కాదు, సంఘమే.

అందుకే మన కార్యవర్గాన్ని ఒక్క కోరిక కోరుతున్నాను. రాబోయే మహాసభల్లో వైద్య శిబిరం పక్కన, పెళ్ళి సంబంధాల బల్లకు ఎదురుగా, ఇంకొక బల్ల వేయించండి. దాని వద్ద రోజంతా ఇద్దరు తెలుగులో మాట్లాడేవారు, రాసుకోవడానికి కాగితం, కలం ఉంటే చాలు. సంఘం పేరిట ఒక తెలుగు రిలేను అద్దె సర్వరుపై నడపండి. దాని నిర్వహణను ఏ ప్యానెల్‌కూ అప్పగించక, మూడు వేరువేరు ఊళ్ళలోని ముగ్గురు సభ్యులకు ఇవ్వండి. అక్కడి మాటల ప్రతిని ఏడాదికొకసారి భద్రపరచండి. వచ్చే డిసెంబరులో హైదరాబాదు సభ పెట్టేటప్పుడు ప్రసంగాన్ని కుదించి, ప్రశ్నలకు గంట సమయం కేటాయించండి. మామయ్య మళ్ళీ వస్తానన్నారు. ఈసారి కొత్తవారి పక్కన కూర్చుని తాళంచెవి రాయించే పని తనకు ఇప్పించమని మీకు చెప్పమన్నారు.