పాస్తా కొంటేనే పప్పు

2020 మార్చిలో ఐరోపా జనం దుకాణాల మీద పడి పాస్తా ఊడ్చుకుపోయారని పత్రికలు రాశాయి. పాపం, వాళ్లకు శ్రీకాకుళం చిరునామా తెలియదు. లాక్‌డౌన్‌లో ఇక్కడ కందిపప్పు మాయమైంది, గోధుమరవ్వ మాయమైంది, నూనె ప్యాకెట్లు మాయమయ్యాయి. పాస్తా మాత్రం అరలో చెక్కుచెదరలేదు. అంతటి స్థైర్యం గల సరుకును వృథాగా పోనివ్వరాదని మా వీధి షావుకారు గ్రహించాడు. అప్పటినుంచి కొరత అన్న మాట వినబడితే చాలు, ఆయన నోట ఒకటే పలుకు: "పప్పు ఉంది. లింకు ఉంది."

లింకు సంగతి మన జిల్లా రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. యూరియా బస్తా కోసం వెళ్లినవాడికి అడగని గుళికల డబ్బా అంటగట్టే విద్య అది. ఎరువుల కొట్టులో పుట్టి, కిరాణా కొట్టుకు కాపురానికి వచ్చింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె రాక తగ్గింది. ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపి, మే 23న మళ్లీ వదిలింది. ఇండోనేషియా మనసు కరిగింది గాని మా షావుకారు మనసు కరగలేదు. మొన్న తుఫాను హెచ్చరిక రాగానే మళ్లీ అదే పాట.

ఇలా వచ్చి పడ్డ పాస్తాను ఏం చేయాలన్న విషయమై మా ఇంట్లో పెద్దల సభ జరిగింది. అమ్మమ్మ ఒక గొట్టం తీసి, ఒక కన్ను మూసి, రెండో కంటితో అందులోంచి మామయ్యను చూసి, "ఇవి గొట్టాల వడియాలే. నూనెలో వేస్తే పొంగుతాయి" అని తీర్పు చెప్పింది. వేయించాలంటే నూనె కావాలి. నూనె కావాలంటే పాస్తా కొనాలి. కొన్నాం. వేయించాం. పొంగలేదు సరికదా, మాడి, అమ్మమ్మకు మిగిలిన పళ్ల మీదికి వచ్చాయి. నూనె అయిపోయింది, పాస్తా పెరిగింది. మళ్లీ నూనెకు వెళితే మళ్లీ పాస్తా. పులుసులో వేసి చూద్దామని మామయ్య అన్నాడు. ప్రతి గొట్టమూ నిండా పులుసు పీల్చుకుని, కొరికినవాడి చొక్కా మీద చిమ్మింది. చివరికి పిన్ని కూతురి సారెలో చలిమిడి పక్కన పెట్టి పంపించేద్దామని నిర్ణయమైంది. వియ్యపురాలు ముందే ఫోను చేసి, తమ ఇంట్లో మంచం కింద ఇంకా చోటు లేదని, దయచేసి పంపవద్దని చెప్పింది. వాళ్లది విజయనగరం. అక్కడా లింకే.

పాస్తా మీద నాకు పగ లేదు. దాన్ని చేసేది దురుమ్ గోధుమతో. మనం ఉప్మా చేసుకునే బన్సీ రవ్వా ఆ జాతి గోధుమదే. "అయితే ఆ రవ్వే ఇవ్వండి" అన్నాను. "రవ్వకూ లింకే" అన్నాడు.

మా డబ్బు పోతే పోయింది. నా వెనక ఒక ముసలామె నిలబడి ఉంది. చోడి అంబలి తాగి కూలికి పోయే మనిషి. చిన్న సీసా చాచి పావుకిలో నూనె అడిగి, కొంగు ముడి విప్పింది.

"పాస్తా తీసుకుంటేనే మామ్మా."

"అది తింటారా బాబూ?"

ఆయన నవ్వాడు. సీసాలో చుక్క పోయలేదు. సిగ్గు లేదా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన జిల్లా ఇది. ఇక్కడ తుఫాను అంటే జనం నిజంగా వణికిపోతారు. ఆ వణుకును తూకం వేసి అమ్ముకుంటావా? ఒకటి కొంటేనే ఇంకొకటి ఇస్తాననడం నిర్బంధ వ్యాపార పద్ధతి అని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో రాసి ఉంది. ఫిర్యాదుకు 1915 నంబరూ ఉంది. పావుకిలో నూనె కోసం ఆ ముసలామె కూలి మానుకుని ఫోను పట్టుకుని కూర్చోవాలా? మరి జీతాలు తీసుకునేవాళ్లు ఎందుకున్నట్టు?

అధికారులు ఈసారి తనిఖీకి వస్తే తక్కెడ చూసి, టీ తాగి, వెళ్లిపోకండి. షావుకారు బల్ల వెనక ఒక గది ఉంది. తాళంచెవి గల్లాపెట్టెలో, చిల్లర కింద ఉంటుంది.