సిటీ బస్సు టికెట్ పెరిగింది ఆడవాళ్ల వల్ల కాదు

హైదరాబాద్ సిటీ బస్సుల్లో 2025 అక్టోబరు 6న ఛార్జీలు పెరిగాయి. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఈ-ఆర్డినరీ, ఈ-ఎక్స్‌ప్రెస్ (ఈ అంటే ఎలక్ట్రిక్) బస్సుల్లో మొదటి మూడు స్టేజీల వరకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనం. మెట్రో డీలక్స్, ఈ-మెట్రో ఏసీల్లో మొదటి స్టేజీకే 5, రెండో స్టేజీ నుంచే 10. అప్పటి నుంచి ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో ఆగకుండా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ఆడవాళ్లకు ఉచితమని చెప్పి ఆ ఖర్చు మగవాళ్ల టికెట్ మీద రుద్దారు, ఫ్రీ బస్సుతో ఆర్టీసీ మునిగిపోయింది, పెంపు ఆడవాళ్లకు తగల్లేదు కాబట్టి వాళ్లు నోరెత్తరు, పెంచింది పది రూపాయలే, ఎలక్ట్రిక్ బస్సులు కావాలంటే ఎవరో ఒకరు కట్టాలి, ఉచితం ఎత్తేస్తే పాత ఛార్జీలు వాటంతట అవే వస్తాయి.

ఛార్జీల మీద కోపం న్యాయమైనది. సిటీ బస్సులో తిరిగే ఎవరికైనా ఉంటుంది, నాకూ ఉంది. ఆ కోపం నిర్ణయం తీసుకున్నవాళ్ల దాకా పోకుండా, బస్సులో మన పక్కన నిలబడ్డ ఆడమనిషి దగ్గరే ఆగిపోయేలా రాసిన మెసేజ్ ఇది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

మొదటి మాట: ఉచిత ప్రయాణం వల్లే ఛార్జీలు పెరిగాయి.

తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం మొదలైంది 2023 డిసెంబరు 9న. అంతకుముందు సంగతి చూడండి. 2019లో 52 రోజుల ఆర్టీసీ సమ్మె ముగిసిన వారం తిరగ్గానే, డిసెంబరు మొదట్లో, కిలోమీటరుకు 20 పైసల చొప్పున పెంచారు. 2022లో మార్చి నుంచి జూన్ దాకా వరస పెట్టి వడ్డించారు: చిల్లర సమస్య అంటూ టికెట్ ధరలను పై అంకెకు సవరించడం, సేఫ్టీ సెస్, ఏప్రిల్‌లో డీజిల్ సెస్, జూన్‌లో దూరాన్ని బట్టి మళ్లీ డీజిల్ సెస్. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఏప్రిల్‌లో ఒకసారి, జులైలో మరోసారి డీజిల్ సెస్ వేశారు. ఆంధ్రలో స్త్రీశక్తి ఉచిత ప్రయాణం వచ్చింది 2025 ఆగస్టు 15న. అంటే 2022లో రెండు రాష్ట్రాల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణ పథకం లేదు, రెండు రాష్ట్రాల్లోనూ ఛార్జీలు పెరిగాయి. ఇప్పుడు పెంపుకు నిరసనగా ఛలో బస్ భవన్ (ఆర్టీసీ ప్రధాన కార్యాలయం) అన్న బీఆర్‌ఎస్ పార్టీయే తెలంగాణలో ఆనాటి పెంపులన్నీ చేసింది. అప్పుడు తప్పు కానిది ఇప్పుడెలా తప్పయిందో వాళ్లూ చెప్పాలి.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది. హైదరాబాద్ మెట్రో రైలులో ఆడవాళ్లకు ఉచితం లేదు, ఏనాడూ లేదు. 2025 మే నెలలో దాని టికెట్ 10 - 60 రూపాయల నుంచి 12 - 75కి పెరిగింది. జనం గోల పెట్టాక వారానికే పది శాతం తగ్గించి 11 - 69 దగ్గర నిలిపారు. అదే నెలలో ముంబయిలో నగర బస్సులు నడిపే బెస్ట్ సంస్థ బస్సు కనీస ఛార్జీ 5 నుంచి 10 రూపాయలైంది, ఏసీ బస్సులో 6 నుంచి 12 అయింది. అక్కడా ఆడవాళ్లకు ఉచితం లేదు.

ఇక ఉచితం ఉన్న చోట్ల ఏం జరిగింది? ఢిల్లీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం 2019 అక్టోబరు 29న మొదలైంది. అక్కడి నాన్ ఏసీ బస్సులో మగవాళ్లు కట్టే 5, 10, 15 రూపాయల ఛార్జీలు 2009లో పెట్టినవే. తమిళనాడులో ఆర్డినరీ టౌన్ బస్సులు మహిళలకు 2021 మే నుంచి ఉచితం. అక్కడ ప్రభుత్వ బస్సు ఛార్జీలు పెరిగింది అంతకు మూడేళ్ల ముందు, 2018 జనవరిలో. కర్ణాటక మాటేమిటని అడుగుతారు. శక్తి పథకం 2023 జూన్‌లో వచ్చింది, 2025 జనవరిలో 15 శాతం పెంచారు, నిజం. పథకం కింద ప్రభుత్వం ఇవ్వాల్సిన సొమ్ము పూర్తిగా రాలేదన్నది అక్కడి కార్మిక సంఘాల ఫిర్యాదు. ఉచితం ఉన్నా పెరగని రాష్ట్రాలున్నాయి, లేకపోయినా రెట్టింపైన నగరం ఉంది. కాబట్టి ఛార్జీని తేల్చేది ఆడవాళ్లు ఎక్కడం కాదు. సర్కారు తన వంతు డబ్బు కట్టిందా లేదా అన్నది.

రెండో మాట: ఫ్రీ బస్సుతో ఆర్టీసీ మునిగిపోయింది.

ఈ మాట ఆర్టీసీ యాజమాన్యమే అనడం లేదు. 2025 జులైలో 200 కోట్ల ఉచిత ప్రయాణాలు పూర్తయ్యాయని డిపోల్లో, బస్‌స్టేషన్లలో సంబరాలు చేశారు. వాటి విలువ 6,680 కోట్ల రూపాయలని లెక్క చెప్పారు. నష్టాల్లో ఉన్న సంస్థను మహాలక్ష్మి లాభాల బాట పట్టించిందని మంత్రులే వేదికల మీద అన్నారు. ఆ సంబరాలు జరిగి మూడు నెలలు తిరక్కుండానే సిటీ ఛార్జీలు పెంచారు.

ఇక్కడ కాస్త ఆగి, జీరో టికెట్ ఎలా పనిచేస్తుందో చూడాలి. ఒక మహిళ ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ టిమ్ (టికెట్లు ఇచ్చే) మిషన్‌లో ఎక్కిన చోటు, దిగే చోటు కొట్టి సున్నా టికెట్ ఇస్తాడు. ఆమె చేతిలో సున్నా ఉన్నా, ఆ ప్రయాణం ధర లెక్కలో పడుతుంది. ఆ మొత్తం ప్రభుత్వం ఆర్టీసీకి ఇవ్వాలి. చెప్పిన లెక్క ప్రకారం చూసినా, 6,680 కోట్లను 200 కోట్ల ప్రయాణాలతో భాగిస్తే ఒక్కో జీరో టికెట్ విలువ సుమారు 33 రూపాయలు. అది ఖజానా నుంచి రావాల్సిన డబ్బు. మగవాళ్ల టికెట్ నుంచి తీసే డబ్బు కాదు.

ఆ డబ్బు పూర్తిగా, సమయానికి వస్తుంటే ఆర్టీసీకి మహాలక్ష్మి భారం కాదు, ఆదాయం. రాకపోతే అది ప్రభుత్వం పడ్డ బాకీ, ప్రయాణికురాలి తప్పు కాదు. ఈ రెండింట్లో ఏది జరుగుతోందో చెప్పే లెక్క ఒక్కటే: నెలకు ఎంత బిల్లు పెట్టారు, ఎంత చేతికొచ్చింది. ఆ రెండు అంకెలు ప్రతి నెలా బస్ భవన్ గోడ మీద అంటిస్తే ఈ మెసేజ్‌లకు చోటే ఉండదు.

పైగా ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ధర పెంచితే జీరో టికెట్ విలువ కూడా పెరుగుతుంది. సంస్థకు ఒక చేత్తో మన జేబు నుంచి, ఇంకో చేత్తో ఖజానా నుంచి ఎక్కువ రావాలి. లాభాలని చెప్పిన సంస్థ, రెండు వైపులా రాబడి పెరిగే సంస్థ, 10 రూపాయల టికెట్‌ను 15 చేయడానికి ఇంకా గట్టి కారణం చూపించాలి. అంటే కనీస ఛార్జీ మీద 50 శాతం. ఒకేసారి 50 శాతం ఎవరి జీతం పెరిగింది?

లాభాలనేవి ఎవరికి అందాయన్నది మరో ప్రశ్న. డ్రైవర్లు, కండక్టర్లు వేతన సవరణ బకాయిల కోసం, తమ సహకార పరపతి సంఘం నుంచి సంస్థ వాడుకున్న డబ్బు కోసం ఏళ్లుగా అడుగుతున్నారు. 2025 మే 7 నుంచి సమ్మె అని నోటీసు ఇచ్చి, చర్చల తర్వాత వాయిదా వేసుకున్నారు. టికెట్ కొనేవాడికి తగ్గలేదు, బస్సు నడిపేవాడికి తీరలేదు.

మూడో మాట: ఆడవాళ్లకు ఈ పెంపు తగల్లేదు.

తగిలింది. మెట్రో డీలక్స్‌లో, ఏసీ బస్సుల్లో మహాలక్ష్మి వర్తించదు. ఆర్డినరీ ఎంతకీ రాక డీలక్స్ ఎక్కిన ఆడవాళ్లు పూర్తి టికెట్ కొంటారు. పథకం తెలంగాణ వాసులకే. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగం వెతుక్కునే గుంటూరు, కడప, శ్రీకాకుళం అమ్మాయిల ఆధార్‌లో ఆంధ్ర చిరునామా ఉంటుంది. ఒడిశా, బిహార్ నుంచి వచ్చి పనిచేసుకునే ఆడవాళ్లదీ అంతే. వీళ్లంతా పెరిగిన ఛార్జీ మొదటి రోజు నుంచే కడుతున్నారు.

అసలు ఒక ఇంట్లో భర్త టికెట్, కొడుకు పాసు, ఇంటి సరుకులు అన్నీ ఒకే జీతంలోంచి వెళ్తాయి. 2025 జూన్‌లో పాసులు కూడా పెంచారు: ఆర్డినరీ నెల పాసు 1,150 నుంచి 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్ 1,300 నుంచి 1,600, డీలక్స్ 1,450 నుంచి 1,800. విద్యార్థుల పాసులనూ వదల్లేదు. కాలేజీకెళ్లే కొడుకు పాసు పెరిగితే ఆ ఇంటి తల్లికి తగలలేదని ఎలా అంటాం?

ఒక ఫిర్యాదు మాత్రం నేను ఒప్పుకుంటాను. బస్సులు కిక్కిరిసి ఉంటున్నాయి, డబ్బు పెట్టి ఎక్కిన మనిషి ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నాడు. కానీ 2019 సమ్మె తర్వాత సిటీలో వందల బస్సులు తగ్గించింది ప్రయాణికులు కాదు. నగరం ఔటర్ రింగ్ రోడ్డు దాకా పాకింది, బస్సులు పెరగలేదు. ఇంతకాలం షేర్ ఆటోకు డబ్బు లేక నడిచిన ఆడవాళ్లు, ఇంటి దగ్గరే తక్కువ కూలికి సర్దుకున్న ఆడవాళ్లు ఇప్పుడు దూరం వెళ్లి పనిచేసుకుంటున్నారు. ప్రయాణికులు పెరిగితే బస్సులు పెంచాలి.

నాలుగో మాట: పదే కదా, ఎలక్ట్రిక్ బస్సులకు ఎవరో ఒకరు కట్టాలి.

నాలుగు స్టేజీలు దాటి పనికి వెళ్లే మనిషికి పోను పది, రాను పది, రోజుకు 20 రూపాయలు. నెలకు 25 పనిదినాలంటే 500. రెండు బస్సులు మారేవాళ్లకు ఇంకా ఎక్కువ. సెక్యూరిటీ గార్డుకు, హోటల్లో పనిచేసేవాడికి ఐదొందలంటే గ్యాస్ బండ ఖర్చులో దాదాపు సగం.

యాజమాన్యం చెప్పిన కారణం: దశలవారీగా 2,800 ఎలక్ట్రిక్ బస్సులు తెస్తున్నాం, వాటికి 10 కొత్త డిపోలు, 10 ఛార్జింగ్ కేంద్రాలకు 392 కోట్లు కావాలి. ఎలక్ట్రిక్ బస్సులు రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ డిపో కట్టడం, కరెంటు లైను వేయడం ఒక్కసారి పెట్టే ఖర్చు. టికెట్ పెంపు ప్రతి రోజూ వసూలయ్యేది. డబ్బు పెట్టి కొనే టికెట్లు రోజుకు 10 లక్షలు, సగటు పెంపు 7 రూపాయలు అని ఒక అంచనా వేసుకుందాం. రోజుకు 70 లక్షలు, ఏడాదికి 255 కోట్లు. ఆ లెక్కన ఏడాదిన్నర తిరిగే సరికి 392 కోట్లు వసూలైపోతాయి. నిజమైన అంకెలు ఆర్టీసీ దగ్గరున్నాయి, బయటపెట్టి ఈ లెక్క తప్పని చూపిస్తే సంతోషమే. మొత్తం వసూలయ్యాక పెంపు తీసేస్తామని మాత్రం ఎక్కడా చెప్పలేదు.

ఎలక్ట్రిక్ బస్సుల ఒప్పందాల తీరూ తెలుసుకోవాలి. పీఎం ఈ-డ్రైవ్ అనే కేంద్ర పథకం కింద హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించారు. వీటిని ఆర్టీసీ కొనదు. ప్రైవేటు కంపెనీ బస్సు తెచ్చి నడుపుతుంది, ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని కడుతుంది. బస్సులో పదిమంది ఉన్నా వందమంది ఉన్నా కంపెనీకి దాని కిలోమీటర్ల డబ్బు అందుతుంది. బస్సు నిండకపోతే నష్టం ఆర్టీసీది. ఛార్జీలు పెంచి జనాన్ని బైకుల మీదికి తోలితే ఆ నష్టం మరింత పెరుగుతుంది. రోడ్డు, ఫ్లైఓవర్ బడ్జెట్ డబ్బుతో కడుతున్నప్పుడు బస్సు డిపో కూడా అలాగే కట్టొచ్చు. సిటీ బస్సుల నష్టంలో జీహెచ్‌ఎంసీ పాలు పంచుకోవాలన్న ఏర్పాటు ఒకప్పుడు మొదలైంది, కొంత డబ్బు ఇచ్చాక ఆగిపోయింది. దాన్ని తిరిగి తెమ్మని అడిగే గొంతులు ఈ మెసేజ్ పంపినన్ని ఉంటే బాగుండేది.

చివరి మాట: ఉచితం ఎత్తేస్తే పాత ఛార్జీలు వచ్చేస్తాయి.

ఎందుకొస్తాయి? మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ ప్రకారం ఛార్జీలు ఖరారు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. ఉచితం ఉంటే ఇంత, లేకపోతే ఇంత అన్న షరతు పెంపు ఉత్తర్వుతో రాలేదు. పథకం తీసేస్తే తెల్లారేసరికి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, కూరగాయల గంపలతో మార్కెట్‌కు వెళ్లేవాళ్లు, దవాఖానాకు తిరిగే ముసలమ్మలు పెరిగిన ఛార్జీయే కడతారు. మగవాళ్ల టికెట్ అలాగే ఉంటుంది.

కారణం పోతే ఛార్జీ తగ్గుతుందన్న నమ్మకానికి మన అనుభవంలో ఆధారం లేదు. డీజిల్ ధర పెరిగిందనే 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్ వేశారు. మే నెలలో కేంద్రం డీజిల్ మీద ఎక్సైజ్ సుంకం లీటరుకు 6 రూపాయలు తగ్గించింది. జూన్‌లో ఆర్టీసీ అదే డీజిల్ సెస్‌ను ఇంకా పెంచింది.