దండు కదిలింది, పులిహోర ఏదీ?

ఎన్నికలొచ్చాయంటే మన టీవీల్లో కురుక్షేత్రం మొదలవుతుంది. ఒకాయన సమరశంఖం పూరిస్తాడు, ఇంకొకాయన రణభేరి మోగిస్తాడు, మూడో ఆయన హైదరాబాదులో వార్ రూమ్ తెరుస్తాడు. అలాంటి వార్ రూమ్‌ ఒకదాంట్లోకి ఒకసారి తొంగి చూసే భాగ్యం నాకు కలిగింది. పన్నెండు ల్యాప్‌టాపులు, గోడ నిండా మ్యాపులు, మధ్యలో చల్లారిపోయిన సమోసా ఒకటి. ఆ పూటకి అక్కడ జరుగుతున్న భీకర పోరాటం ఆ సమోసా ఎవరిదన్నదే. నాకు నవ్వు రాలేదు. యుద్ధశాస్త్రం తెలిసినవాణ్ణి కనుక, ఈ గదిలో అసలు విషయం తెలిసింది ఆ సమోసా చుట్టూ చేరినవాళ్ళకేనని అర్థమైంది.

నా అర్హతలు ముందే చెప్పేస్తాను. సైన్యంలో పనిచేయలేదు. బెంగళూరు రామమూర్తి నగర్‌లో పద్నాలుగేళ్ళుగా కాపురం, అందులో ఆరేళ్ళు ట్రాఫిక్‌కి పేరుమోసిన సిల్క్ బోర్డు జంక్షన్ మీదుగా ఆఫీసుకు వెళ్ళొచ్చిన అనుభవం. ఓటు మాత్రం చిత్తూరు జిల్లాలో, బంగారుపాళ్యం దగ్గర మా ఊళ్ళోనే ఉంది. బెంగళూరులో నీళ్ళ ట్యాంకరు రాకపోతే ఇక్కడి ఎమ్మెల్యేని తిడతాను, ఓటు వేయడానికి అక్కడికి వెళతాను. దీన్ని కొందరు బాధ్యతారాహిత్యం అంటారు. నేను రెండు రంగాల్లో యుద్ధం అంటాను.

క్యాంపెయిన్ అనే మాట పుట్టిందే పొలంలో. చలికాలమంతా బసల్లో ముడుచుకుని పడుకున్న యూరప్ సైన్యాలు ఎండ కాయగానే బయలు మైదానాల్లోకి దిగేవి; ఫ్రెంచిలో ఆ బయలుకున్న పేరే దండయాత్రకీ, తర్వాత ఎన్నికల ప్రచారానికీ వచ్చింది. మన రాజులు విజయదశమి చూసుకుని బయల్దేరేవాళ్ళు. వానలు వెలిసుంటాయి, దారులు ఆరుంటాయి, చేలల్లో ఎవరో పండించిన గింజ ఎదురుచూస్తూ ఉంటుంది. మరి మన ఎన్నికల సంఘం 2024లో ఆంధ్రప్రదేశ్‌కి ఖాయం చేసిన రోజు మే 13. గొడుగు పట్టే సేవకులున్న ఏ రాజూ గడప దాటని కాలం. పండితులంతా ఎండ గురించి మాట్లాడారు, వడదెబ్బ గురించి మాట్లాడారు, ఓటింగ్ తగ్గుతుందన్నారు. అది ఆవకాయ కాలమన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఇంకా గమనించండి, మే 13 సోమవారం. బెంగళూరులో లోక్‌సభ పోలింగ్ అంతకుముందు ఏప్రిల్ 26న, శుక్రవారం జరిగింది. శుక్రవారం సెలవిస్తే మా అపార్ట్‌మెంట్ సగం కొడగు కొండలెక్కింది. బెంగళూరు దక్షిణంలో పోలింగ్ 53 శాతం దగ్గర ఆగింది. సోమవారం సెలవిస్తే అదే జనం శనివారం సాయంత్రానికే ఖాళీ జాడీలు సర్దుకుని కోలారు రోడ్డెక్కారు. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటిపోయింది. ప్రజాస్వామ్య చైతన్యం అన్నారు. అంతే, చైతన్యమే. మా ఇంట్లో ఆ చైతన్యం పేరు మూడు కేజీల జాడీ.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. మేము వెళ్ళే దారి మామూలు దారి కాదు. 1791 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ లార్డ్ కార్న్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదికి వచ్చింది ఈ దారినే. వేలూరు దగ్గర దండు కూర్చుకుని, ఆంబూరు కనుమ వైపు వెళుతున్నట్టు నటించి, చటుక్కున ఉత్తరానికి తిరిగి చిత్తూరు మీదుగా మా మొగిలి కనుమ ఎక్కాడు. టిప్పు కింద కనుమల దగ్గర కాచుకుని ఉండగానే ఈయన కోలారు, హోస్కోటె దాటేసి మార్చి మొదటి వారంలో బెంగళూరు ముందు నిలబడ్డాడు. మార్చి 7న పేట పడింది, 21న కోట పడింది. కె.ఆర్. మార్కెట్ దగ్గర మిగిలిన కోట ముక్కలో, ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ గండి కొట్టి లోపలికి వచ్చారని చెప్పే ఫలకం ఇప్పటికీ ఉంది. చింతపండు కొనడానికి వెళ్ళినప్పుడల్లా నేను దానికి ఒక నమస్కారం పెడతాను. మా బంధువుల్లో బెంగళూరులో స్థలం కొనాలని వచ్చినవాళ్ళకి ఇంత సులువుగా గండి దొరకలేదు.

ఇక్కడిదాకా వ్యూహం. ఇక్కడి నుంచి కడుపు. మే నెలలో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం మీదికి బయల్దేరాడు. అరికెర దగ్గర 15న యుద్ధం కూడా గెలిచాడు. గెలిచి ఏం లాభం? మేత లేక ఎడ్లు చచ్చాయి, బియ్యం లేక సిపాయిలు అల్లాడారు, పైన వాన. నిజాం పంపిన వేలాది గుర్రాల దళం తోడుంది గానీ, అది శత్రువుని వదిలేసి కంపెనీ మేతని ఖాళీ చేసింది. లాగడానికి ఎడ్లు లేక, కోటలు కూల్చడానికి తెచ్చుకున్న పెద్ద ఫిరంగుల్ని కన్నంబాడి దగ్గర తన చేతులతోనే పగలగొట్టించి, గెలిచినాయన వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడు, ఫిరంగులు ముక్కలయ్యాక, మరాఠా మిత్రసైన్యం వచ్చి చేరింది. వాళ్ళ వెంట ఒక పెద్ద బజారు. ధాన్యం నుంచి కశ్మీరు శాలువాల దాకా అన్నీ ఉన్నాయి. మిత్రులు గనుక ఊరికే ఇస్తారనుకున్నారేమో, మిత్రుల ధరకే అమ్మారు.

తర్వాతి ఏడాది కార్న్‌వాలిస్ తెలివి తెచ్చుకుని బ్రింజారీల, అంటే ఎడ్ల మీద ధాన్యం మోసే లంబాడీల, ఎద్దుల బిడారుల్ని ముందే కుదుర్చుకుని వెళ్ళాడు. 1792 మార్చిలో టిప్పు సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షలు, ఇద్దరు కొడుకుల్ని తాకట్టు ఇచ్చి సంధి చేసుకున్నాడు. చరిత్ర పుస్తకాలు దీన్ని గవర్నర్ జనరల్ ప్రతిభ అంటాయి. ఆ బిడారు వెనక కర్ర పట్టుకు నడిచిన లంబాడీ పెద్దాయనకి విగ్రహం ఎక్కడుందో నాకు ఎవరూ చూపించలేదు.

నెపోలియన్‌దీ ఇదే కథ. 1812లో నాలుగు లక్షల పైచిలుకు మందితో రష్యాలో దూరి, వెయ్యి కిలోమీటర్లయినా నిండకుండానే మాస్కో చేరి, అక్కడ తినడానికేమీ దొరక్క దండంతా మంచులో పోగొట్టుకున్నాడు. మన దగ్గర 2017 నవంబరు నుంచి 2019 జనవరి దాకా ఒక నాయకుడు ఇడుపులపాయ నుంచి ఇచ్ఛాపురానికి 341 రోజుల్లో 3,648 కిలోమీటర్లు నడిచాడు. అంతకుముందు 2003 ఎండల్లో వాళ్ళ నాన్నగారు చేవెళ్ళ నుంచి నడిచారు. ఇంకా వెనక్కి వెళితే, 1982లో ఎన్టీఆర్ ఒక పాత షెవర్లే వ్యానుని చైతన్యరథం చేసి, కొడుకు హరికృష్ణని డ్రైవరుగా పెట్టుకుని, పార్టీ పుట్టిన తొమ్మిది నెలలకే రాష్ట్రం పట్టేశాడు. నెపోలియన్ కంటే వీళ్ళు గొప్ప వ్యూహకర్తలా? ఆ వాదనలోకి నేను దిగను. రెండు పార్టీల వాళ్ళకీ నా నంబరు తెలుసు. ఒక్కటి మాత్రం నిజం. రష్యన్లు ఊళ్ళకి నిప్పు పెట్టి గింజ మిగల్చకుండా వెళ్ళిపోయారు. మన ఊళ్ళలో ఎవరు నడుచుకుంటూ వచ్చినా, ఏ జెండా అని అడక్కుండా, ముందు చెంబుడు మజ్జిగ చేతిలో పెడతారు.

ఈ వెలుగులో మా 2024 దండయాత్రను పరిశీలిద్దాం.

మొదటి ఫోను ఏప్రిల్‌లోనే వచ్చింది. మా వీధి బూత్ అన్న.

“ఏమప్పా, బాగుండావా? మీ ఇంట్లో రెండు ఓట్లుండాయి గదా. పెండ్లాన్ని గూడా పిల్చుకోని రా. టిన్ ఫ్యాక్టరీ కాడ బస్సు పెడతా ఉండాము.”

అరగంటకి అవతలి పక్షం మామ. “అల్లుడూ, వాళ్ళ బస్సెక్కద్దు, దాంట్లో ఏసీ పని చెయ్యదు. మాది స్లీపరు.”

రెండు పార్టీల మధ్య సిద్ధాంత విభేదాలు లేవని వాపోయే మేధావులు ఇది గమనించాలి. ఒకరిది సెమీ స్లీపర్, ఇంకొకరిది స్లీపర్. ఇక 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓటర్లని పోలింగ్ కేంద్రానికి ఉచితంగా తరలించడం అవినీతి కిందికి వస్తుంది. కాబట్టి ఆ బస్సుల ముందు అద్దానికి ‘గంగమ్మ జాతర స్పెషల్’ అని కాగితం అంటించి ఉంది. అమ్మవారు ఆ ఏడు రెండు పార్టీల నుంచీ భక్తుల్ని రప్పించుకున్నారు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు మించకూడదని, టీకి ఇంత, కుర్చీకి ఇంత, బిర్యానీకి ఇంత అని జిల్లా అధికారులు రేట్ల పట్టిక కూడా వేస్తారు. ఆ పట్టికని అక్షరాలా పాటించి దండు నడిపితే కార్న్‌వాలిస్ వేలూరు దాటేవాడు కాదు.

నేను బస్సెక్కలేదు. విలువలు గలవాణ్ణి. పైగా మా బావమరిది కొత్త కారు కొన్నాడు. అతనికి ఓటు బెంగళూరులోనే ఉంది, ఏప్రిల్‌లో అది వేయకుండా మడికేరి వెళ్ళాడు. మాతో వస్తున్నది కేవలం మామిడికాయల కోసం. మిత్రసైన్యం చేరిందని సంతోషించాను. మా ఆవిడ తెల్లవారుజామున లేచి రెండు డబ్బాల పులిహోర కలిపింది. మే 11 సాయంత్రం ఆరింటికి ప్రచారం ముగిసింది, నలభై ఎనిమిది గంటల మౌనకాలం మొదలైంది. మైకులు ఆగాయి. ఫోన్లు మొదలయ్యాయి.

కె.ఆర్. పురం వేలాడే వంతెన దాటడానికి గంటా పావు పట్టింది. హోస్కోటె టోల్ దగ్గర ముందూ వెనకా చూస్తే అన్నీ ఏపీ నంబర్లే. అంతా ఓటర్లే, అందరి వెనక సీట్లలోనూ ఖాళీ జాడీలే. అక్కడ నేను చేసిన వ్యూహాత్మక తప్పిదాన్ని ఒప్పుకుంటున్నాను. పులిహోర డబ్బాలు వెనక సీట్లో, బావమరిది పిల్లల ఒళ్ళో పెట్టాను. కోలారు దాటేసరికి ఒకటి ఖాళీ. ముళబాగిలుకి రెండోదీ. “బావా, పల్లీలు ఇంకొంచెం పడుండాల్సింది” అని దళపతి సమీక్ష. నిజాం గుర్రాల గురించి చదివుండీ ఆ దళాన్ని సామాను పక్కన కూర్చోబెట్టిన నేను ఏ నోటితో కార్న్‌వాలిస్‌ని విమర్శించను?

నంగలి దగ్గర బండ్లు పూర్తిగా నిలిచిపోయాయి. రాత్రి పదకొండు. సరిహద్దు చెక్‌పోస్టులో డిక్కీలు తెరిపిస్తున్నారు. యాభై వేలకు మించి నగదుంటే ఆధారం చూపాలి. మా డిక్కీ తెరిచిన కానిస్టేబులు ఖాళీ జాడీల్లో టార్చి వేసి చూసి, మూడోది కూడా ఖాళీయే అని తేలాక మమ్మల్ని జాలిగా చూశాడు. పిల్లలు ఆకలని ఏడుపు. హోటళ్ళన్నీ కట్టేశారు. “వెనక్కి పోదామండీ, ఓటు లేకపోతే ఏం” అని మా ఆవిడ అనేసింది. ఓటు లేకపోయినా ఫరవాలేదు గానీ కాయలు లేకపోతే అత్తగారి ముందు ఎలా అన్నది ఆమె గొంతులోనే వినిపించింది.

అప్పుడు వెనక నుంచి హారన్. గంగమ్మ జాతర స్పెషల్. మామ దిగాడు. చేతిలో పెరుగన్నం పొట్లాలు, అరిటాకు వాసనతో సహా. నాకు 1791 మే నెల కళ్ళముందు కదిలింది: మరాఠా బజారు!

“తినండబ్బా, పిలకాయలు ఏడస్తా ఉండారు,” అన్నాడు మామ.

ధర ఎంత అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. పొట్లం అందిస్తూ ఒక్కసారి నా కళ్ళలోకి చూశాడు, అంతే. మరాఠాలు రూపాయల్లో తీసుకున్నారు గనుక వాళ్ళే నయం. నేను ఎవరికి ఓటేశానన్నది రహస్య బ్యాలెట్ గనుక చెప్పను. అల్లం మాత్రం కాస్త ఎక్కువైంది.

సోమవారం పోలింగ్ గురించి రాయడానికి పెద్దగా లేదు. రెండు గంటలు క్యూ, వేలికి సిరా, బూత్ అన్నకి ఒక నవ్వు, మామకి ఒక నవ్వు, రెండూ కొలిచినట్టు సమానంగా. అసలు పని అంతకుముందు రోజే అయిపోయింది. ఆదివారమంతా అమ్మ కాయలు కొట్టించింది, మా ఆవిడ తుడిచింది, బావమరిది రుచి చూశాడు.

తిరుగు ప్రయాణంలో మొగిలి కనుమ క్షేమంగా ఎక్కాం. పలమనేరు, ముళబాగిలు, కోలారు, అన్నీ దాటాం. హోస్కోటెలో, బెంగళూరు కనుచూపు మేరలో ఉండగా, ఒక స్పీడ్ బ్రేకరు మా బావమరిదికి కనపడలేదు. డిక్కీలోంచి వచ్చిన ఆ చప్పుడు కన్నంబాడిలో ఫిరంగులు పగిలినప్పుడు కార్న్‌వాలిస్ విని ఉంటాడు. మూడింట్లో పెద్ద జాడీ. ప్రాణనష్టం లేదని ఊరికి ఫోన్ చేసి చెప్పాం. అమ్మ “జాడీకి ఏం కాలేదు గదా?” అని అడిగింది.

జూన్ 4న ఓట్లు లెక్కపెట్టారు, ఎవరో గెలిచారు. కారు మాత్రం మళ్ళీ మామూలు కాలేదు. ఎంత కడిగినా ఏసీ వేయగానే ఆవపిండి. విసిగి బావమరిది దాన్ని అమ్మకానికి పెట్టాడు. మొన్న ఆదివారం ఒకాయన చూడ్డానికి వచ్చాడు. తలుపు తీసి, ముందు సీట్లో కూర్చుని, ఇంజను కూడా వేయకుండా గట్టిగా గాలి పీల్చాడు.

“మీది బంగారుపాళ్యం పక్కనా?” అన్నాడు.

“అవునండీ.”

“మాది పలమనేరు. కారు ధర తరవాత మాట్లాడుకుందాం గానీ, మీ ఇంట్లో ఎన్ని ఓట్లుండాయన్నా?”