టు-లెట్ బోర్డు సామికి బహిరంగ లేఖ

అద్దెకు కలదు అని వేలాడే బోర్డు సామికి నమస్కారాలు.

తిరుపతిలో సీజనుతో పనిలేకుండా ఉద్యోగం దొరికేది మీ ఒక్కరికే. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక షట్టరు దిగుతారు, ఆర్నెల్లు విశ్రాంతి తీసుకుంటారు, మళ్లీ అదే షట్టరు ఎక్కుతారు. ఈలోగా లోపల టైల్సు మారతాయి, ఫాల్స్ సీలింగు మారుతుంది, పేరు మారుతుంది. మీ మీద నంబరు మాత్రం మారదు.

హోటళ్లు, దుకాణాలు ఎందుకు మూతపడతాయో మీ కింద నిలబడి జనం చెప్పే కారణాలు రోజూ వింటూనే ఉంటారు. ఆన్‌లైన్ వచ్చి ముంచేసిందని ఒకరు, వంట మాస్టరుకు చెయ్యి తిరగలేదని ఇంకొకరు, ఈశాన్యంలో పొయ్యి పెట్టాడని మరొకరు. ఎవరూ తలెత్తి మిమ్మల్ని అనుమానించరు. అదీ మీ గొప్ప.

మీకు కొత్తవాడిని తెచ్చిపెట్టేది ఒకే మాట: "కొండకు ఇంత జనం పోతా ఉంటే వ్యాపారం జరక్కుండా ఎట్లుంటుంది సామీ?" జనం ఉన్నారు, నిజమే. రైలు దిగినవాళ్లకు ఎదురుగానే దేవస్థానం వసతి గృహం విష్ణునివాసం, బస్సు దిగినవాళ్లకు అలాంటిదే శ్రీనివాసం. కార్లలో వచ్చేవాళ్లు గరుడ వారధి అనే ఫ్లైఓవరు ఎక్కితే కపిలతీర్థం దగ్గరే దిగడం. కింద రోడ్డులో కొత్తవాడు మెరిసే అక్షరాలతో పేరు పెట్టించినా పైనున్నవాడికి కనబడేది పిట్టగోడే. ఇక కొండమీద 1985 నుంచి దేవస్థానం వాళ్ల అన్నదానం నడుస్తోంది. ఉచితం అన్న ధరకు పోటీగా కాంబో ఆఫర్ పెట్టగల హోటలు ఇంకా పుట్టలేదు. శనివారం క్యూలో నిలబెట్టే జనం మంగళవారం కనబడరు. అద్దె మాత్రం మంగళవారానికీ కట్టాలి.

ఒక లెక్క చూద్దాం. నలభై కుర్చీల టిఫిన్ హోటలు, నెలకు అద్దె లక్షన్నర అనుకుందాం. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 1,77,000. రోజుకు 5,900. ఇడ్లీ ప్లేటు 40 రూపాయలైతే పప్పు, రవ్వ, చట్నీ, సాంబారు, గ్యాసు పోగా 20 మిగిలిందంటే ఆ హోటలువాడు బుద్ధిమంతుడే. అద్దెకు మాత్రమే రోజుకు 295 ప్లేట్లు పోవాలి. పొద్దున ఏడు నుంచి పది దాకా ఒక్క కుర్చీ ఖాళీ లేదనుకోండి. కూర్చుని, తిని, చెయ్యి కడుక్కుని లేవడానికి పాతిక నిమిషాలు. మూడు గంటలకు ఏడు పంక్తులు, 280 ప్లేట్లు. హౌస్‌ఫుల్ అయినా అద్దెకే పదిహేను ప్లేట్లు తక్కువ! వడ, దోసె, కాఫీ కూడా తీసుకుంటారు కదా అంటారా? తీసుకుంటారు. ఆ మిగులు మాస్టరుకు, సప్లయర్లకు, క్లీనర్లకు, కరెంటుకు. ఓనరు వంతు వచ్చేది ఆ తర్వాత, వస్తే.

బిల్లులో 5 శాతం జీఎస్టీ చూసి హోటలువాడు దాన్ని జేబులో వేసుకుంటున్నాడని తినేవాళ్ల అనుమానం. 2017 నవంబరు 15 నుంచి ఈ 5 శాతం వచ్చింది, దాంతోపాటే తాను కట్టిన పన్నును మినహాయించుకునే వీలు పోయింది. అద్దె మీద కట్టిన 27,000, కొత్త గ్రైండరు మీద కట్టింది, ఫుడ్ డెలివరీ యాప్ కమీషన్ మీద కట్టింది, అన్నీ ఖర్చు కిందే. పైగా 2024 అక్టోబరు 10 నుంచి బిల్డింగు ఓనరుకు జీఎస్టీ నంబరు లేకపోయినా, రిజిస్టరైన అద్దెదారే ఆ 18 శాతం కట్టాలి. కాంపోజిషన్ అనే చిన్న వ్యాపారుల పన్ను పథకంలో ఉన్నవాళ్లకు ఆ తర్వాత మినహాయింపు ఇచ్చారు. సంతకం పెట్టేముందు ఈ సంగతి మీరెవరికైనా చెప్పారా?

యాప్ సంగతి మీకు అక్కర్లేదు, అది మీ చుట్టమే కాబట్టి తొందరగా ముగిస్తాను. మెనూలో 200 ఉన్న బిర్యానీకి హోటలు తన సొమ్ముతో 20 శాతం తగ్గిస్తే 160. దాని మీద 25 శాతం కమీషన్ అనుకుంటే 40, ఆ కమీషన్ మీద జీఎస్టీ 7 రూపాయల 20 పైసలు, డబ్బా, సంచి కలిపి 12. చేతికి 100 రూపాయల 80 పైసలు. సరుకు ఖర్చు 70 తీసేస్తే మిగిలేది 30 రూపాయల 80 పైసలు. ఫోన్ టింగుమన్నప్పుడల్లా ఓనరు మొహం వెలిగిపోతుంది. దాన్ని గిరాకీ అంటున్నారు.

డబ్బు చాలనప్పుడు హోటలు ఒక వరసలో చచ్చిపోతుంది. మొదట చట్నీలో వేరుశనగ తగ్గి పుట్నాలపప్పు పెరుగుతుంది. తర్వాత ఇడ్లీ. గ్లాసు మినపప్పుకు రెండు గ్లాసుల రవ్వ పోసేచోట మూడు పోస్తారు. ప్లేటు మీద పైసలు మిగులుతాయి, ఇడ్లీ గట్టిపడుతుంది. రోజూ తినే ఊరివాళ్లు రెండోవారానికే పసిగడతారు, ఏమీ అనరు, పక్క వీధికి మళ్లుతారు. యాత్రికుడు పట్టించుకోడు, ఎందుకంటే వాడు మళ్లీ రాడు. గల్లాలో తేడా తెలిసేసరికి మాస్టరు అడ్వాన్సు అడిగి మానేసి ఉంటాడు. అప్పుడు వస్తాడు డైలీ ఫైనాన్స్ అన్న. లక్ష రాసుకుని పన్నెండు వేలు ముందే కోసుకుని 88,000 చేతిలో పెడతాడు. రోజుకు వెయ్యి చొప్పున వంద రోజులు. మొదటి కంతు మర్నాడు సాయంత్రమే. ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలుసా? పోయిన నెల అద్దెకు. ఇంక మీరు చొక్కా ఇస్త్రీ చేసుకుని సిద్ధంగా ఉండొచ్చు.

చిన్నవాళ్లకు తెలివి లేదు, పెద్ద కంపెనీలకైతే లెక్కలు తెలుసు అనుకోవద్దు. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష అనే కిరాణా దుకాణాల చైన్, 1,600 దుకాణాలదాకా పెరిగి 2009లో చేతిలో నగదు లేక మూతపడింది. దుకాణాలు తెరిచింది అప్పుతో, అద్దె మాత్రం నగదుతో. సరుకు ఇచ్చేవాళ్లు అరువు ఆపితే మొదట మాయమయ్యేవి నూనె, చక్కెర, కందిపప్పు. మిగిలేవి ఎవరూ కొనని షాంపూలు, వాటినే పక్కపక్కన పేర్చి అర నింపుతారు. అలాంటి అర కనబడితే ఆ దుకాణం గిఫ్ట్ కూపన్ కొనకండి. బిగ్ బజార్ విషయంలో మీ చేతివాటం మరీ బాగుంది. అద్దె బాకీలు పెరిగి చాలా దుకాణాల లీజులు రిలయన్స్ చేతికి పోయాయి. 2022 ఫిబ్రవరిలో దుకాణాలే చేతులు మారాయి. అమెరికాలో రెడ్ లాబ్‌స్టర్ అనే చేపలు, రొయ్యల హోటళ్ల చైన్ 2024 మేలో దివాలా తీస్తే, 20 డాలర్లకు ఎన్ని రొయ్యలైనా తినండన్న ఆఫర్‌ను అందరూ తిట్టారు. పాపం రొయ్యలు! ఆ ఆఫర్ వల్ల పోయింది 1.1 కోట్ల డాలర్లు. కానీ 2014లో కొన్న పెట్టుబడిదారులు హోటళ్ల కింది సొంత స్థలాలను 150 కోట్ల డాలర్లకు అమ్మేసి, అవే హోటళ్లకు అద్దె కట్టించారు. మీరు సముద్రం దాటారని అప్పుడే తెలిసింది.

మీ పప్పులు అంతగా ఉడకనిది డీమార్ట్ దగ్గర. వాళ్లు వీలైనచోటల్లా స్థలం కొనుక్కునే కట్టుకుంటారు. నిదానంగా పెరుగుతారని ఎగతాళి చేసిన చైన్లలో కొన్ని ఇప్పుడు లేవు.

ఒక్క విన్నపం. మీ నంబరు కింద ఖాళీ చాలా ఉంది. గత ఐదేళ్లలో లోపల ఎన్ని పేర్లు మారాయో, ఆఖరివాడికి వచ్చిన కరెంటు బిల్లు ఎంతో, ఏటా అద్దె ఎంత శాతం పెంచుతారో, మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారో అక్కడ రాయించుకోండి. రాయిస్తే ఇంకొన్ని నెలలు ఎండలో వేలాడాల్సి వస్తుంది, ఓనరుకు కోపం కూడా వస్తుంది. ఆ కోపంలోనైనా అద్దె దగ్గర బేరానికి దిగుతాడేమో చూద్దాం.

ఇట్లు,
మీ కింద నిలబడి నంబరు ఫోన్‌లో ఎక్కించుకుంటున్న అతనికి లెక్కలు రాసే గుమాస్తా,
తిరుపతి